గుండనా అని పిలిస్తే

గుండన మహారాజుకు తన పేరు ఇంకొకరికి ఉంటే గిట్టేది కాదు. జనమేమో కవి గుండనను తలచుకుని మురిసేవారు, దొంగ గుండనను తలచుకుని గడియ వేసుకునేవారు. రాజుగారి ఊసే లేదు. ముందు దొంగను, తర్వాత కవిని ఉరి తీయించాడు. ఇక మిగిలింది కాటికాపరి గుండన.

"ఆఖరి మాటేదైనా ఉందట్రా?" అన్నాడు రాజు.

కాటికాపరి వంగి దణ్ణం పెట్టాడు.

"ఒక్క సందేహం దొరా. దింపుడు కళ్ళెం దగ్గర పాడె దించి, శవం చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తాం కదా. దొంగను పిలిస్తే, పక్కన నిలబడ్డ కవిగారు 'ఆఁ' అన్నారు. మర్నాడే ఉరికంబం ఎక్కారు. ఆయన్ని పిలిస్తే నేను పలికాను. ఇదిగో, ఇలా వచ్చాను. రేపు నన్ను పిలిస్తే పలికే గుండన ఎవరా అని."

రాజు చెయ్యి మెడ మీదికి పోయింది. కాటికాపరిని వదిలేసి, ఆ పూటే కొలువులో అందరికీ గుండన అని పేరు మార్పించాడు.

కట్టుకథ భలే పండిందని నవ్వుకుంటూ గుండన దింపుడు కళ్ళెం దాటుతున్నాడు. మనిషి జాడ లేదు. చెవి పక్కనే ఎవరో మెల్లగా, "గుండనా" అన్నారు.

అతను వెనక్కి తిరగలేదు.

"ఏ గుండన అయ్యా? కోటనిండా మేమే. సరిగ్గా కనుక్కుని రా."

అడుగుల చప్పుడు కాసేపు తటపటాయించి, వెనక్కి మళ్ళింది.