పరాకు గోపాలస్వామి మెడ తిప్పిన వైనం

గుండ్లవాగు ఉత్తరపు ఒడ్డున, సున్నపురాతి గుట్ట మీద కొలువైన శ్రీ పరాకు గోపాలస్వామిని తొలిసారి దర్శించే భక్తులు కొంచెం చిన్నబుచ్చుకోవడం మామూలే. ఎంతో దూరం నుండి వచ్చి, నూటపద్దెనిమిది మెట్లెక్కి, గడప ముందు చేతులు జోడిస్తే స్వామి వారి వంక చూడడు. మూలవిరాట్టు శిరస్సు ఎడమవైపుకు తిరిగి ఉంటుంది. మనకు కనబడేది కుడిచెంప, కుడిచెవి కుండలం, పెదవి చివర చిన్న నవ్వు. "స్వామికి మా మీద కోపమా?" అని అడిగే అమాయకులు ఏటా ఉంటారు. కోపం కాదు, పరాకు.

ఈ మాటకు మన భాషలో రెండు అర్థాలున్నాయి. మనసు ఎక్కడో పెట్టుకుని ఉండటం పరాకు. ఆ మనసును వెనక్కి పిలుస్తూ "చిత్తగించు స్వామీ" అని దేవుడి ముందు ఎలుగెత్తి చెప్పేదీ పరాకే. ఒకదానికొకటి గిట్టని రెండు అర్థాలు ఒకే మాటలో ఎలా కాపురం చేస్తున్నాయో పండితులు ఇంకా తర్కిస్తున్నారు. గుట్ట కింద టెంకాయలమ్మే సుబ్బక్కను అడిగితే క్షణంలో చెబుతుంది, ఎందుకంటే ఆమెకు ఈ కథ తెలుసు.

పూర్వం ఇక్కడ స్వామి అందరు దేవుళ్లలాగే తిన్నగా తూర్పుకు చూస్తూ ఉండేవాడు. వీరతిమ్మ నాయుడనే పాళెగాడు ఈ సీమను ఏలుతున్న కాలమది. సాయంకాలపు సేవలో స్వామికి పరాకు చెప్పే మిరాశీ, అంటే వంశపారంపర్యపు హక్కు, దాసరి కోనప్పది. ధ్వజస్తంభం దగ్గర నిలిచి, వెండిపొన్ను బెత్తం పైకెత్తి, "ఆదిదేవా! పరాకు! బహుపరాకు!" అని అతడు ఒక్క కేక వేస్తే వాగు అవతల మేసే గొర్రెలు తలలెత్తేవట. ఇరవై నాలుగేళ్ల వయసు, తాతతండ్రుల నుండి వచ్చిన గొంతు. ఏడేళ్లలో ఒక్క పూట తప్పలేదు, ఒక్క అక్షరం తడబడలేదు. ఆ సంగతి అతడికీ తెలుసు. కొంచెం ఎక్కువగానే తెలుసు.

ఆ ఏడు ఫాల్గుణ తిరునాళ్లకు ముందు, గుట్ట కింద సున్నపు గానుగ నడిపే ఎల్లప్ప కూతురు ఆదెమ్మ గుడికి వెల్ల వేయడానికి వచ్చింది. కోనప్ప ఆనాటి కేక ముగించి, దర్జాగా ప్రాకారపు గోడకు ఆనుకున్నాడు. గోడ ఇంకా తడి ఆరలేదు. ఆదెమ్మ కుంచె ఆపి చూసింది.

"ఊరికంతా పరాకు చెప్తావు గదప్పా, నీ వీపుకు సున్నమంటింది సూసుకోవా?"

చుట్టూ ఉన్నవాళ్లు ఘొల్లున నవ్వారు. కోనప్ప నవ్వనూ లేదు, కోపగించుకోనూ లేదు. నోట మాట రాక నిలబడిపోయాడు. ఊళ్లో అందరికంటే పెద్ద గొంతు ఉన్నవాడికి అటువంటి గతి పట్టడం అదే మొదలు.

ఆ తరువాత అతడి మనసు అతడి ఇంట్లో లేదు. కాళ్లు కడుక్కోవడానికి వాగుకు పోయి, కడవ నిండా నీళ్లు తెచ్చి, మట్టి కాళ్లతోనే ఇంట్లోకి వచ్చేవాడు. తన ఎద్దుకు వేయవలసిన జొన్నచొప్ప పక్కింటి బర్రెకు వేశాడు. తల్లి పులుసు పోయకముందే సంకటి ముద్ద తినేసి, "పులుసు బాగుందమ్మా" అన్నాడు. ఆ తల్లి దిష్టి తీయించింది, తాయెత్తు కట్టించింది. దిగలేదు. అయితే అదే మనిషి, గానుగ ఎడ్ల గంటల సవ్వడి విని, ఈ పూట తోలుతున్నది ఎల్లప్పా, ఆదెమ్మా అనేది అరకోసు దూరం నుండే చెప్పగలిగేవాడు. ప్రేమలో పడ్డవాడికి మతి పోతుందంటారు గానీ అది సరైన మాట కాదు. మతి ఎక్కడికీ పోదు. వాగు నీరంతా ఒకే కాలువకు మళ్లుతుంది, అంతే. మిగిలిన చేలు ఎండుతాయి, ఆ ఒక్క చేను పండుతుంది.

ఈ జబ్బు ఒక్క కోనప్పకే పట్టలేదు. సున్నంలో కలపవలసిన బెల్లపు నీళ్లను ఆదెమ్మ గానుగ ఎద్దుకు తాగించిందని ఎల్లప్ప తల బాదుకున్నాడు. ఎద్దుకు మాత్రం ఆ నెలంతా పండగే.

తిరునాళ్ల సాయంకాలం ఏడూళ్ల జనం ప్రాకారంలో కిక్కిరిసి ఉన్నారు. నాయుడు ముందువరుసలో నిలబడ్డాడు. అర్చకులు తిరువేంగళాచార్యులు హారతి ఎత్తారు. కోనప్ప బెత్తం ఎత్తాడు. సరిగ్గా అప్పుడే, స్వామికి ఎడమవైపున్న రుక్మిణీ అమ్మవారి గుడి మెట్ల మీద, చెంపకు సున్నపు చారతో ఆదెమ్మ కనబడింది.

"ఆదెమ్మా! పరాకు! బహుపరాకు!"

ఆదిదేవా అనవలసిన నోరు నడిదారిలో మలుపు తిరిగింది. వాగు అవతల గొర్రెలు ఎప్పటిలాగే తలలెత్తాయి. జనమంతా తలలు తిప్పి ఆదెమ్మను చూశారు. ఒక్కసారిగా గగ్గోలు లేచింది. అపచారమని ఆచార్యులు తెర లాగి, తలుపులు మూసేశారు.

మరునాడు ఉదయం నాయుడు ముఖమండపంలో పంచాయతీ పెట్టాడు. కోనప్ప చేతికి తులసిదళం ఇప్పించాడు.

"నోరు జారింది, ఆ పిల్ల ఎవురో నేనెరగనని ప్రమాణం చెయ్. నీ మిరాశీ నీకుంటాది. లేదంటావా, పొద్దుగూకే లోపల నువ్వూ, ఆ గానుగోళ్లూ వాగు దాటి పోవల్ల. మళ్లా ఈ గుట్ట తొక్కగూడదు."

ఏడు తరాల మిరాశీ అది. కోనప్ప తల్లి కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. ఆదెమ్మ తానే ముందుకు వచ్చింది. "ఆ మాట అనేయప్పా. నీ పని నిలబెట్టుకో. నేనేమీ అనుకోను" అంది. అనుకోనన్నది గానీ అక్కడి నుండి కదల్లేదు.

కోనప్ప దళం వంక చూశాడు. "నాలిక తప్పు చేసింది దొరా. మనసు చెయ్యలేదు. ఈ తులసి పట్టుకోని ఆమెనెరగనంటే, రేపట్నించి ఇదే నోటితో స్వామిని యెట్ల పిలిచేది?" అన్నాడు. దళాన్ని కళ్లకద్దుకుని తిరిగి పళ్లెంలో పెట్టాడు.

ఎల్లప్ప కుటుంబం మూటలు కట్టింది. గానుగరాయి కదిలేది కాదు గనుక అక్కడే వదిలేశారు. ఆ పెద్దాయన దాన్ని రెండుసార్లు తడిమి బయలుదేరాడు.

ఆ మధ్యాహ్నం ఆచార్యులు మండపంలో స్తంభానికి ఒరిగి కునుకు తీశారు. కలలో స్వామి కనిపించి, "తలుపులెందుకు మూశావయ్యా?" అని అడిగాడు.

"అపచారం జరిగింది స్వామీ. తమకు చెప్పవలసిన పరాకు కోనప్ప ఒక ఆడపిల్లకు చెప్పాడు."

"ఏడేళ్లుగా నన్ను పిలుస్తున్నాడు. ఆ పిలుపులో నేనెప్పుడూ లేను. తన గొంతు తానే వింటూ ఉండేవాడు. నిన్నటి పిలుపులో వాడు లేడు, ఆమె ఒక్కతే ఉంది. అటువంటి పిలుపు వినబడితే నేను తిరగకుండా ఎలా ఉంటాను? మీరంతా ఆ పిల్లను చూశారు. నన్ను చూసినవాడు ఒక్కడున్నాడా?"

ఆచార్యులు ఉలిక్కిపడి లేచి తలుపులు తీశారు. స్వామి శిరస్సు ఎడమవైపుకు తిరిగి ఉంది. ఆ చూపు ఉత్తరపు కిటికీ గుండా పోయి, అమ్మవారి గుడి మెట్ల మీద పడుతోంది. అక్కడ వెల్ల వేసేనాడు పడ్డ ఆదెమ్మ సున్నపు అరచేతి గుర్తు ఇంకా చెరగలేదు. స్వామి చూస్తున్నది రుక్మిణమ్మనా, ఆ గుర్తునా అని పెద్దలు నేటికీ వాదించుకుంటారు. ఆ వాదంలో మేము తలదూర్చం. ఎవరిని చూసినా అది ప్రేమ చూపే.

ఉత్తరీయం జారిపోతున్నా పట్టించుకోకుండా ఆచార్యులు నాయుడి దివాణానికి పరుగెత్తారు. నాయుడు వచ్చి చూశాడు. గుర్రమెక్కి వాగు చేరేసరికి కోనప్పా, ఎల్లప్ప కుటుంబమూ మోకాటి లోతు నీళ్లలో ఉన్నారు. జన్మలో ఎవరికీ తల వంచని మనిషి గుర్రం దిగి, నీళ్లలోకి నడిచాడు.

"కోనప్పా, స్వామి పరాకున ఉండాడు. నువ్వొచ్చి పిలువు."

కోనప్ప వచ్చాడు, ఆదెమ్మను పక్కన నిలుపుకుని పిలిచాడు. మొదట ఆమె పేరు, పిమ్మట స్వామి పేరు. స్వామి తల తిప్పలేదు గానీ, పెదవి చివరి నవ్వు ఆనాడే వచ్చిందంటారు. ఆ వారంలోనే ఎల్లప్ప గానుగ మళ్లీ తిరిగింది, ఆ కొత్త సున్నంతో ముగ్గులు వేసిన పందిట్లోనే వారి పెళ్లి జరిగింది.

నేటికీ సాయంకాలపు సేవకు ముందు దంపతులను ధ్వజస్తంభం దగ్గర నిలబెడతారు. భర్త భార్య పేరు పిలిచి పరాకు చెప్పాలి. భార్య భర్త పేరు పిలిచి చెప్పాలి. మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని నమ్మే పెద్దమ్మలు కూడా ఇక్కడ నోరు విప్పుతారు, ఎందుకంటే ఈ గుట్ట మీద ఆ భయం చెల్లదు. అలా పిలుచుకున్న ఆలుమగల మధ్య అలక మూడు పూటలు దాటదని, ప్రేమించినవారిని పెళ్లాడదలచినవారు అమ్మవారి మెట్టుకు సున్నం రాస్తే పెద్దల మనసు మెత్తబడుతుందని భక్తుల నమ్మకం. స్వామి ఎవరినీ చూడకపోయినా, పేరు పెట్టి పిలిచిన ఇంటిని చల్లగా చూస్తాడు.

ఈ పుస్తకం రాస్తున్న దాసరి శేషాచలం అనే నేను కోనప్ప వంశంలో తొమ్మిదో తరం వాణ్ణి. ముప్పై ఎనిమిదేళ్లుగా వేలమంది ఇల్లాళ్ల చేత భర్తల పేర్లు పిలిపించాను. మా ఆవిడ తులశమ్మ మాత్రం ప్రసాదాల వంటశాల దాటి ఎన్నడూ రాలేదు, "ఏమండీ" తప్ప నన్ను ఎన్నడూ మరో మాటతో పిలవలేదు. పోయిన ఏడు తిరునాళ్లలో, పులిహోర చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, అమ్మవారి మెట్ల దగ్గర జనంలో నిలబడి, "శేషాచలం! పరాకు! బహుపరాకు!" అని కేక వేసింది. గొంతు నాకంటే బాగుంది.

ఆ పూట స్వామికి పరాకు చెప్పడం మరిచిపోయాను. ముప్పై ఎనిమిదేళ్లలో అదే మొదటిసారి. స్వామి ఏమీ అనుకోలేదు. ఆయన కూడా అటే చూస్తున్నాడు.