గాజుల కొట్లో చెయ్యి

అంకబాబు గాజుల బజారులోంచి నడవలేకపోతున్నాడు. ఏ కొట్టు ముందు నుంచి వెళ్ళినా చచ్చిపోయిన పెళ్ళాం చెయ్యి కనిపిస్తోంది.

మతి చెడి కాదు. నిజంగానే అది ఆవిడ చెయ్యి.

అంకబాబు పని చేసేది గుడివాడలో, కోటిలింగాచారి షెడ్డులో. బిర్యానీ హోటలు ముందు మనిషెత్తు కుండ నిలబెట్టాలన్నా, ఫంక్షన్ హాలు గేటుకు ఫైబరు గుర్రాలు కావాలన్నా, పళ్ళ డాక్టరు బోర్డు మీదికి దిండంత పన్ను కావాలన్నా అందరూ ఆ షెడ్డుకే వస్తారు. ఒకసారి గాజుల కొట్ల వాళ్ళొచ్చి, గాజులు తొడిగి అద్దాల వెనక నిలబెట్టుకోడానికి చేతులు కావాలన్నారు. అంకబాబు చెక్కి చూశాడు. ఎన్నిసార్లు చెక్కినా బండ్లాపే కానిస్టేబులు చెయ్యే వచ్చింది. అప్పుడే నాంచారమ్మ మొగుడికి అన్నం క్యారేజీ పట్టుకొచ్చింది. ఆచారి ఆవిడ్ని స్టూలు మీద కూచోబెట్టి, చేతికి కొబ్బరినూనె రాసి, చుట్టూ ప్లాస్టరు పోశాడు. ప్లాస్టరు గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది.

"ఇదేం న్యాయం గురువుగారూ! అన్నం తెచ్చిన పాపానికి చెయ్యి ఉడకబెడుతున్నారు" అని నాంచారమ్మ ఒకటే నవ్వు.

ఆ అచ్చులో ఫైబరు పోసి తీసిన చేతులే ఊళ్ళో కొట్లన్నిటికీ వెళ్ళాయి.

మొన్న వానాకాలంలో జ్వరం వచ్చి, వారం తిరక్కుండానే నాంచారమ్మ పోయింది.

అంకబాబు పనిలోకి రావడం మానేశాడు. కొట్టు కొట్టుకూ తిరిగి, కొత్త చెయ్యి చేసిస్తాను, పాతది ఇచ్చెయ్యండని బతిమాలడం మొదలెట్టాడు. కొందరు విసుక్కుంటూ ఇచ్చారు. కొందరు జాలిపడి ఇచ్చారు. మస్తానమ్మ అనే గాజులావిడ, ఎర్రగాజులు నిండా తొడిగున్న చేతిని అలాగే తీసిచ్చింది. అంకబాబు గాజులు తియ్యబోతే ఆవిడ గాభరాపడిపోయింది.

"వద్దన్నా, తియ్యకు. అట్టాగే తీసకపో" అంది.

తెచ్చినవన్నీ మంచం మీద వరసగా పేర్చుకున్నాడు. ఒక్కోదాన్నీ ఒళ్ళో పెట్టుకుని, రంగు గీకి, వేళ్ళ మధ్య వేళ్ళు పెట్టి చూసుకున్నాడు. చూడ్డానికి అన్నీ ఆవిడవే. పట్టుకుంటే ఒక్కటీ కాదు.

ఆ దిగుల్లోనే ఒక ఆశ పుట్టింది. వాడేకొద్దీ అచ్చు అరుగుతుంది, ఆఖరున తీసినవి నున్నగా వస్తాయి. కానీ మొట్టమొదట తీసిన చేతిలో నాంచారమ్మ అరచేతి గీతలన్నీ ఉండి తీరాలి. అదొక్కటి దొరికితే చాలు, ఎలాగోలా బతికెయ్యొచ్చు అనుకున్నాడు.

చేతులన్నీ గోతాంలో వేసుకుని షెడ్డుకొచ్చాడు. పనివాళ్ళు పలకరించబోయి, మొహం చూసి పక్కకి తప్పుకున్నారు.

"ఇందులో మొదట తీసిందేదో చెప్పండి గురువుగారూ. నా కంటికి ఆనడం లేదు" అన్నాడు.

"చెబితే ఏం చేస్తావు?"

"అదొక్కటీ ఉంచుకుంటానండి. మిగతావి ఎవరివి వాళ్ళకి ఇచ్చేస్తాను."

"ఇందులో లేకపోతే?"

"అయితే నాకింకేం లేదండి."

ఆచారి కళ్ళజోడు పెట్టుకుని గోతాం ముందు చతికిలబడ్డాడు. ఒక్కో చెయ్యీ తీసి వెలుగులో తిప్పి, బొటనవేలితో అచ్చు అతుకు గీత తడిమి పక్కన పెట్టాడు. టీ వచ్చింది, చల్లారిపోయింది. చివరికి ఒక చేతిని తుడిచి అంకబాబుకిచ్చాడు.

"ఇదే. అనుమానం లేదు."

అంకబాబు దాన్ని రెండు చేతులా అందుకున్నాడు. గీతలు నిజంగానే ఉన్నాయి. గోళ్ళ పక్కన చిట్లిన చర్మం కూడా ఉంది. కళ్ళు మూసుకుని చెంపకు ఆనించుకున్నాడు. షెడ్డులో రాపిడి మిషను ఎవరో ఆపేశారు.

కాసేపటికి కళ్ళు తెరిచాడు.

"ఇదీ అంతేనండి" అన్నాడు. ఆ గొంతు వినలేక ఒక పనివాడు బయటికి వెళ్ళిపోయాడు.

ఆచారి లేచి నిచ్చెనేసుకుని అటకెక్కాడు. దుమ్ము కొట్టుకుపోయిన ప్లాస్టరు దిమ్మొకటి చంకన పెట్టుకుని దిగాడు. దాని తాడు విప్పితే దిమ్మ రెండు చెక్కలైంది. నాంచారమ్మ చేతి అచ్చు.

అంకబాబు మొహంలోకి ప్రాణం వచ్చింది.

"ఉందా అండీ! అరిగిపోయిందని పారేశారనుకున్నాను. పోద్దామండీ, ఇప్పుడే ఒకటి పోద్దాం!"

"పోస్తే గోతాంలోకి ఇంకొకటి వస్తుంది."

అంకబాబు చతికిలబడ్డాడు. ఆచారి అచ్చులో ఒక చెక్క తెచ్చి అతని ఒళ్ళో పెట్టాడు.

"ఇందులో ఏముంది?"

"ఏముందండీ... ఖాళీ."

"ఇన్నిట్లో ఆ పిల్లను తాకింది అదొక్కటేరా."

అంకబాబు ఆ గుంట వంక చాలాసేపు చూశాడు. తర్వాత తన చెయ్యి మెల్లిగా అందులోకి దించాడు. ఫైబరు రెజిను జిగురు అంటి మొద్దుబారిన వేళ్ళు ఇరుక్కుపోయాయి. అరచెయ్యి అంచుల మీదే ఆగిపోయింది. ఇంకొంచెం నొక్కి చూశాడు.

"పట్టటం లేదండి" అన్నాడు.

ఆచారి పక్కనే నేల మీద కూచున్నాడు.

"పట్టదు" అన్నాడు.