కోట గానుగకు కట్టిన తవిటయ్య

అనగా అనగా ఒక కొండకోట. ఏ కాలం, ఏ రాజు అని మాత్రం నన్నడక్కండి. నేను మా అమ్మమ్మని అడిగితే "నోర్మూసుకుని విను" అంది. మీరూ అలాగే వినండి. కొండ మీద కోట, కోటలో బందిఖానా, బందిఖానాలో ఒక గానుగ ఉండేవి. అంతవరకు గుర్తుంటే చాలు.

ఆ రాజుగారికి దీపాల పిచ్చి. గుమ్మం గుమ్మానికీ దీపం, మెట్టు మెట్టుకీ దీపం, గుడి చుట్టూ వరసలు వరసలుగా దీపాలు. అన్ని దీపాలకీ నూనె ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆ గానుగ నుంచే. ఎద్దులు తిప్పేవి, నువ్వులు నలిగేవి, నూనె కారేది.

ఒక ఏడు పశువులకు జబ్బొచ్చింది. కోట ఎద్దులన్నీ పోయాయి. భటులు ఊళ్ళ మీద పడి, కనబడ్డ ఎద్దునల్లా తోలుకుపోవడం మొదలెట్టారు.

కొండ కింద ఊళ్ళో తవిటయ్య అని ఒక తెలికలవాడు ఉండేవాడు. గానుగ ఆడుకుని బతికేవాడు. మాటకారి కాడు, కండపుష్టి ఉన్నవాడూ కాడు. వాడికున్నదల్లా పెళ్ళాం అసిరమ్మ, ఒక ఎద్దు. భటులు వస్తున్నారని తెలియగానే ఆ ఎద్దుని కొండ అవతల అడవిలోకి తోలేశాడు. వాళ్ళొచ్చి చూస్తే కాడి ఉంది, ఎద్దు లేదు.

"ఎద్దేదిరా?"

"తోలీసినాను బాబూ."

"ఎక్కడికి?"

"దానికి నచ్చిన సోటికి."

ఇంకేముంది, రెక్కలు విరిచికట్టి బందిఖానాకు ఈడ్చుకుపోయారు. అక్కడి పెద్ద ఒక జమేదారు. క్రూరుడని చెప్పను గానీ, ప్రతిదానికీ లాభమెంత, ఖర్చెంత అని చూసే మనిషి. "ఎద్దు లేకపోతేనేం, ఎద్దుని దాచినవాడున్నాడుగా. వీణ్ణే కట్టండి" అన్నాడు. నవ్వులాటకే అన్నాడంటారు. భటులు మాత్రం నిజంగానే కట్టారు. తవిటయ్య లాగాడు. గానుగ కదిలింది.

గానుగ కదిలేసరికి జమేదారు నవ్వు ఆగిపోయింది. ఆలోచనలో పడ్డాడు. ఎద్దుకైతే గడ్డి కావాలి, చిట్టు కావాలి, ఉలవలు కావాలి. ఖైదీకి గరిటెడు గంజి, గుప్పెడు తెలగపిండి చాలు. తెలగపిండంటే తెలుసుగా, నూనె తీశాక మిగిలే పిప్పి. ఎద్దు చస్తే ఇంకోటి కొనాలి. ఖైదీ చస్తే ఇంకొకడు వాడంతట వాడే వస్తాడు. ఇంత చవక బేరం ఎవడు ఒదులుకుంటాడు చెప్పండి? మర్నాడు తవిటయ్య పక్కన ఇంకో ఇద్దర్ని కట్టాడు.

ఒకడు ముత్యాలు. వయసువాడు, కొబ్బరికాయలు దొంగిలించి దొరికాడు. రెండోవాడు లచ్చన్న, పండు ముసలి. తను చేసిన నేరమేమిటో లచ్చన్నకే గుర్తులేదు. శిక్ష మాత్రం ఎవరూ మర్చిపోలేదు.

గానుగ తిరిగింది. కిర్రు కిర్రుమని తిరిగింది. పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేదాకా తిరిగింది.

తవిటయ్యకి ఒళ్ళు నొప్పికన్నా మనసు నొప్పి ఎక్కువైంది. తన ఎద్దుని తప్పించబోయి ఈ ఇద్దరి మెడల మీదకి కాడి తెచ్చాడు. ముసలాయన మెడ మీద తోలు ఊడొచ్చేది. ఇది తను చేసిన పనే అనుకునేవాడు, తిండి సయించేది కాదు. తను ఏమైపోయినా లచ్చన్న మాత్రం బతికి బయటపడాలని మనసులో గట్టిగా అనుకున్నాడు.

తిరిగి తిరిగి ముత్యాలు కళ్ళు తిరిగి కక్కుకున్నాడు. తవిటయ్య తలపాగా మూడు ముక్కలుగా చింపి ముగ్గురి కళ్ళకీ గంతలు కట్టాడు.

"ఇదేటి మావా?" అన్నాడు ముత్యాలు.

"ఎద్దుకీ కడతాం నాయినా. తిరుగుతున్న సంగతి తెలిస్తే అదీ తిరగలేదు. సెప్పు, మీదే ఊరు?"

"ఏటి పక్కన."

"అయితే ఈయేళ మీ ఊరెల్దాం. ఇదిగో ఏటిగట్టు దిగుతున్నాం. సన్నటి ఇసక. కాలు కాలతాంది, బేగి నడు."

ముత్యాలుకి నవ్వొచ్చింది. నవ్వొస్తే అడుగు పడింది.

మర్నాడు లచ్చన్న ఊరెళ్ళారు. "మా ఊరి దారిలో జీడితోట ఉంటాది, కాసేపు నీడకి కూకుందాం" అన్నాడు ముసలాయన. "కూకుంటే గానుగాగిపోద్ది తాతా. నడుస్తానే నీడ తీసుకో" అన్నాడు తవిటయ్య. మూడో రోజు, "ఈయేళ మీ ఊరెల్దాం మావా" అన్నాడు ముత్యాలు. తవిటయ్య ఒప్పుకోలేదు. ఇంటి గుమ్మంలో అసిరమ్మ కనబడితే కాళ్ళు ముందుకి పడవని వాడి భయం. ఆ రోజు ఏ ఊరూ వెళ్ళలేదు.

గానుగ తిరిగింది. కిర్రు కిర్రుమని తిరిగింది.

తెలికలవాళ్ళకి ఒక కట్టుబాటు ఉంది. పొద్దు నడినెత్తికి రాగానే ఎద్దు మెడ మీంచి కాడి దించాలి. చేత్తో మెడ తడమాలి. నీళ్ళు పెట్టాలి. ఈ మూడూ చేశాకే తను మెతుకు ముట్టాలి. కోట గానుగకి మధ్యాహ్నం లేదు. అందుకని తవిటయ్య జమేదారుని అడిగాడు.

"పొద్దు నడినెత్తికొచ్చింది బాబూ. కాడి దించండి."

"నువ్వేమన్నా ఎద్దువా?" అని నవ్వి వెళ్ళిపోయాడు జమేదారు.

కొన్నాళ్ళు పోయాక మళ్ళీ అడిగాడు.

"పొద్దు నడినెత్తికొచ్చింది బాబూ. కాడి దించండి."

"ఎద్దు ఏ తప్పూ చెయ్యలేదురా. మీరు చేశారు. అందుకే ఇక్కడున్నారు."

"ఎద్దూ తప్పు సేస్తాది బాబూ. పక్కోడి సేను మేస్తే బందెలదొడ్డిలో ఎడతారు. బందెలదొడ్డిలోనూ గడ్డేస్తారు, నీళ్ళెడతారు."

జమేదారు కొరడా తీశాడు.

మూడోసారి అడిగేనాటికి దీపాల పండగ దగ్గరపడింది. "పొద్దు నడినెత్తికొచ్చింది బాబూ" అనబోతుంటేనే, "పండగ కానీ, తర్వాత చూద్దాం" అన్నాడు జమేదారు. ఈసారి కొట్టలేదు. కొట్టేందుకు కూడా తీరికలేనంత పని ఉంది ఆయనకి.

పండగనాటి పొద్దున్న లచ్చన్న పడిపోయాడు. లేపితే లేచాడు, మళ్ళీ పడ్డాడు. జమేదారు పరుగెత్తుకొచ్చాడు. "ఇంకా నాలుగు కుండలు నిండాలి. లేవరా ముసలాడా" అని అరిచాడు.

"తాతని నీడలో కూకోబెట్టండి బాబూ. ఆయన బరువూ నానే లాగుతాను" అన్నాడు తవిటయ్య.

"లాగగలవా?"

"మీకు నూనె కావాల, అంతే గదా."

అంతేగా మరి. జమేదారు ఒప్పుకున్నాడు. లచ్చన్నని గోడవార కూర్చోబెట్టి, ఆయన కాడి కూడా తవిటయ్య మెడకే తగిలించారు.

"ఒద్దు మావా, సచ్చిపోతావు" అన్నాడు ముత్యాలు.

తవిటయ్య గంతలు బిగించుకున్నాడు. "ఈయేళ మా ఊరెల్దాం పద" అన్నాడు.

గానుగ తిరిగింది. కిర్రు కిర్రుమని తిరిగింది. కొండ దిగారు. నువ్వుచేలు దాటారు, తెల్లగా పూసి ఉన్నాయన్నాడు. కుమ్మరి వీధి దాటారు, ఆవం పొగ కళ్ళల్లో పడుతోందన్నాడు. ఒక్కో మాటకీ ఊపిరి అందడం లేదు. పొద్దు నడినెత్తికొచ్చింది. "వచ్చీసినాం నాయినా" అని మోకాళ్ళ మీద కూలిపోయాడు. ముత్యాలు గంతలు పీకి చూసేసరికి ప్రాణం లేదు. గోడవార కూర్చున్న లచ్చన్న చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

కుండలు మాత్రం నిండాయి. జమేదారు వాటిని గుడికి పంపించేశాడు.

సాయంత్రమైంది. రాజుగారు వచ్చారు, ఊళ్ళ జనమంతా వచ్చారు. పూజారి మొదటి వత్తి చేతిలోకి తీసుకున్నాడు. మొగుడు పోయిన కబురు అప్పటికే కొండ దిగింది, జనాన్ని తోసుకుంటూ అసిరమ్మ వచ్చింది. జుట్టు విరబోసుకుని ఉంది. రాజు ఎదురుగా నిలబడి, దణ్ణం కూడా పెట్టకుండా అడిగింది.

"ఒక్క మాట సెప్పండి బాబూ. మీ గానుగ కాడి కింద సచ్చిపోయినోడు మడిసా, ఎద్దా?"

తెలికలవాళ్ళ కట్టుబాటు ఇంకొకటుంది మరి. కాడి కింద ఎద్దు చచ్చిపోతే, ఆ గానుగ ఆడిన నూనె ఆ ఏడంతా దేవుడి దీపానికి పనికిరాదు. అది రాజుకీ తెలుసు. పూజారికీ తెలుసు. ఆయన వత్తి కింద పెట్టేశాడు.

ఎద్దు అంటే పండగ లేదు, మనిషి అంటే ఆ కట్టుబాటు తగలదు. రాజు జమేదారు వైపు చూశాడు. జమేదారు నేల చూపులు చూశాడు.

"మనిషే" అన్నాడు రాజు.

"మడిసయితే కూలేది బాబూ? మజ్జానం కూడేది? కాడి దించే ఏళేది?" అంది అసిరమ్మ. "ఆయనకి ఒద్దు, ఆయన ఎల్లిపోనాడు. లోపలున్నోళ్ళకి ఇయ్యండి. ఆళ్ళ తరవాత ఒచ్చినోళ్ళకీ ఇయ్యండి. ఇస్తానని ఈళ్ళందరి ముందూ సెప్పండి."

అంతమంది ముందు మనిషే అన్నాక మరింకేమంటాడు? ఇస్తానన్నాడు. దీపాలు వెలిగించారు. చూడ్డానికి అసిరమ్మ ఆగలేదు, మొగుడి శవాన్ని తీసుకుని కొండ దిగిపోయింది.

మనిషికి కూలీ కూడూ ఇవ్వాలంటే ఎద్దే చవకని జమేదారు లెక్క తేల్చాడు. మర్నాటి నుంచి గానుగకి మళ్ళీ ఎద్దుల్నే కట్టారు. ఖైదీలు గింజలు చెరిగారు, నూనె మోశారు, ఊళ్ళో కూలివాడికి ఇచ్చిన కూలే తీసుకున్నారు. మధ్యాహ్నం అన్నం తిని నీడన నడుం వాల్చారు. లచ్చన్న బతికి ఇల్లు చేరాడు. రాజు మంచివాడైపోయాడా అంటే నేను చెప్పలేను. దీపాల కోసం ఒక నిజం ఒప్పుకున్నాడు, అంతే. ఒప్పుకున్న మాట మింగెయ్యడానికి మాత్రం జనం ఒప్పుకోలేదు.

ఆ కోట కూలిపోయింది. ఆ దీపాలూ లేవు. కానీ ఆ కొండ కింద ఊళ్ళల్లో ఇప్పటికీ, రోడ్డు పనికో రాళ్ళ పనికో ఖైదీల్ని తెచ్చి, మిట్టమధ్యాహ్నం దాటినా పని ఆపకపోతే, దారినపోయే ఆడవాళ్ళు తట్టలు దించి నిలబడిపోతారు. కాపలావాడి మొహంలోకి చూసి అడుగుతారు, "ఈళ్ళు మడుసులా, ఎద్దులా బాబూ?" అని. జవాబు చెప్పేదాకా కదలరు. మనుషులే అంటే, "మరి కూడేది?" అంటారు. ఎద్దులని చెప్పడానికి ఇప్పటిదాకా ఎవడికీ నోరు రాలేదు.