లాలెప్ప ఊదని వీధి

ఈ కథ నాకు మొదట చెప్పింది మా మేనత్త మదారమ్మ. ఆమెకు చెప్పింది వాళ్ళమ్మ, అంటే మా జేజి కాశమ్మ. కాశమ్మ ఈ కథలోని లాలెప్పకు సొంత కూతురు. కాబట్టి ఇందులో గాలికి వచ్చిన మాట ఒక్కటీ లేదు. దీన్ని ఇంకోలా విన్నవాళ్ళు ఉంటే, వాళ్ళు విన్నది తప్పు.

లాలెప్పకు వచ్చిన చిక్కు ఏమిటంటే, అతను ఊదిన చోట జ్వరం తగ్గడం లేదు.

లాలెప్ప రేగడికొట్టాల ఊరి దూదేకులవాడు. అతను విల్లు మీటి దూది ఏకుతుంటే పింజలు లేచి, తలుపు సందులోంచి వచ్చే వెలుతురులో తేలి, ఎప్పటికో కిందికి దిగేవి. పని అయ్యాక ఊరి బయటి గుట్ట ఎక్కి మిస్కీన్ షా తాత దగ్గరికి పోయేవాడు. తాత ఫకీరు. దడుపు చేసిన పిల్లలను, తేలు కుట్టినవాళ్ళను, జ్వరం పట్టినవాళ్ళను ఆయన దగ్గరికి తీసుకుపోయేవారు. ఆయన నెత్తిన చెయ్యి పెట్టి, నోటిలో నాలుగు మాటల దువా చదివి, ముఖం మీద ఊదేవాడు. ఆ ఊదు కోసం లాలెప్ప పదకొండేళ్ళు గుట్ట మీదికి నీళ్ళు మోశాడు. పన్నెండో ఏట తాత, "ఇంక నువ్వూ ఊదొచ్చు పో" అని సెలవిచ్చాడు.

ఆ ఏడే బొంబాయి జ్వరం వచ్చింది. పెద్ద యుద్ధం ముగిసిన ఏడు. రైలు దిగి వచ్చిందన్నారు. మొదటిసారి వచ్చినప్పుడు నాలుగు దగ్గులు దగ్గించి పోయింది. అయిపోయిందనుకున్నారు. వానలు వెనకబట్టాక మళ్ళీ వచ్చింది. ఈసారి ముసలివాళ్ళను పక్కన పెట్టి, వయసులో ఉన్నవాళ్ళను పట్టుకుంది.

ఊరు నీళ్ళ అడుగున ఉన్నట్టు అయిపోయింది. పిలిచిన పిలుపు ఎక్కడో దూరంగా వినిపించేది. మిట్టమధ్యాహ్నం కూడా వాకిళ్ళు మూసే ఉండేవి. దూడలు కట్టుతాళ్ళతోనే వీధుల్లో మెల్లగా తిరిగేవి. వాటిని పట్టి కట్టేవాళ్ళు లేరు. ఆ నిద్రలాంటి వీధుల్లో లాలెప్ప ఒక్కడే ఇంటింటికీ తిరిగి ఊదాడు. మధ్యలో రెండు రోజులు అతనికీ ఒళ్ళు వెచ్చబడి గొంతు గరగరలాడింది. పని మాత్రం ఆపలేదు. ఆ సంగతి గొప్పగా చెప్పుకున్నాడు కూడా.

తాత ఆ రోజుల్లో ఎందుకో ఊదడం తగ్గించాడు. వచ్చినవాళ్ళను గుట్ట కిందనే, చెట్టుకొకరిని కూర్చోబెట్టి, ఎడంగా నిలబడి మాట్లాడి పంపేవాడు. ముసలితనం వల్ల ఆయనకు ఓపిక పోయిందని లాలెప్ప అనుకున్నాడు.

ఒక సాయంత్రం లాలెప్ప గుట్ట ఎక్కాడు. నాగులకట్ట అనే ఊళ్ళో కాపురం ఉన్న కూతురు కాశమ్మకు ఎనిమిదో నెల. ఆమె అత్త బండివాడితో కబురంపింది: జ్వరం ఇంకా మా ఊరికి రాలేదు, అది వచ్చేలోపల నువ్వు వచ్చి కోడలికి ఊదిపో. కడుపుతో ఉన్నవాళ్ళను ఆ జ్వరం అసలు వదలడం లేదని లాలెప్ప కళ్ళారా చూశాడు. కాశమ్మ తప్ప అతనికి వేరే బిడ్డలు లేరు. పొద్దున్నే బయలుదేరాలి.

"తాతా, నా ఊదులో బలం లేదు. నాకు ఇంకా పెద్ద మాట ఏదన్నా ఇయ్యి" అన్నాడు.

తాత చాప మీద కూర్చుని తమలపాకుకు సున్నం రాస్తున్నాడు. తల ఎత్తలేదు.

"ఎన్ని ఇండ్లకు పోయినావు?"

"ఇరవై మూడు."

కొందరు నలభై అని చెబుతారు. ఇరవై మూడే.

"అన్నిట్లోనూ జ్వరం ఉన్నిందా?"

"ఆరిండ్లలో ఉన్నింది. తక్కిన పదిహేడూ ముందు జాగ్రత్తకు పిలిచినోళ్ళు. పిల్లాజెల్లా అందరినీ వరసగా నిలబెట్టి ఊదినా."

"ఆ పదిహేడు ఇండ్లు ఎట్లున్నాయి?"

"పద్నాలుగిండ్లలో పడుకున్నారు తాతా. నేను పోయొచ్చిన మూడో నాటికో నాలుగో నాటికో. అందుకే కదా బలం లేదంటా ఉండేది."

"ఊర్లో జ్వరం రాని వీధి ఏదన్నా ఉందా?"

ఈ ప్రశ్న లాలెప్పకు నచ్చలేదు. "గాండ్ల వీధి" అన్నాడు.

"ఆడ ఎవురు ఊదినారు?"

"ఎవురూ ఊదలా. నేను ఆడికి పోను."

"ఎందుకు పోవు?"

"నీకు తెలీదా తాతా? నా పరుపులో పత్తిగింజలు గుచ్చుకుంటున్నాయని పెండ్లిలో పదిమంది ముందర అన్నారు. నా పరుపులో. నాలుగేండ్లయింది, వాళ్ళ వీధిలో కాలు పెట్టలా. ఈ జ్వరానికి రెండుసార్లు మనిషిని పంపినారు. గింజలు లేనోడిని పిలుచుకోపోండి అని చెప్పి పంపించినా."

"ఒక్కరికీ రాలా?"

"ఒక్కరికీ రాలా. ఈ కాలంలో నోటిదురుసు ఉన్నోళ్ళే బాగుంటారు."

తాత వేలి మీద సున్నం ఆరిపోయింది. కింద పొలాల మీద ఎండ పచ్చబడి, మెత్తబడి, ఊళ్ళోని పొగలన్నీ ఒకే పొగలా కలిసిపోయాయి.

ఆ తర్వాత ఆయన ఆకులో వక్క పెట్టి, మడిచి, లాలెప్పకు ఇచ్చాడు. పన్నెండేళ్ళలో తాత తన చేత్తో తాంబూలం ఇవ్వడం అదే మొదలు. పెద్ద మాట ఇచ్చే ముందు ఇట్లా చేస్తారు కాబోలని లాలెప్ప కళ్ళకద్దుకుని నోట్లో వేసుకున్నాడు. నోరు బాగా పండేదాకా తాత ఆగాడు. అంతలో లోపలికి పోయి, ఉతికిన తెల్ల పంచె ఒకటి తెచ్చి దండెం మీద ఆరేశాడు.

"ఉమ్మేసి రా. నోరు పుక్కిలించొద్దు."

లాలెప్ప ఉమ్మేసి వచ్చాడు.

"ఇదే నీ కూతురనుకో. ఎంత దూరంలో నిలబడతావో అంత దూరంలో నిలబడు. ఎట్లా ఊదుతావో అట్లా ఊదు."

లాలెప్ప పంచె ముందు నిలబడ్డాడు. కళ్ళు మూసుకుని, కూతురు ముఖం తలుచుకుని, నాలుగు మాటలూ తప్పు లేకుండా చదివి, గుండె నిండా గాలి తీసి ఊదాడు. కళ్ళు తెరిచాడు.

తెల్లటి గుడ్డ మీద ఎర్రటి చుక్కలు. ఒకటి రెండు పెద్దవి. చుట్టూ మరీ సన్నవి, వెలుతురుకు ఎదురుగా చూస్తే తప్ప కనపడనివి, పంచె అంచు దాకా ఉన్నాయి.

"నాకు సరిగ్గా ఊదడం రాలేదు తాతా" అన్నాడు లాలెప్ప. "నీ ఊదు అయితే ఇట్లుండదు."

తాత తనూ ఒక ఆకు నమిలాడు. ఉమ్మేసి వచ్చి, పంచె రెండో సగం ముందు నిలబడి, నాలుగు మాటలు చదివి ఊదాడు. గుడ్డ మీద ఎర్రగా జల్లు పడింది.

"నాకు పండ్లు లేవు గదా" అన్నాడు తాత, "నాది ఇంకా అన్యాయం."

లాలెప్ప నవ్వలేదు. ఒక చుక్క మీద వేలు పెట్టాడు. అది తడిగా ఉంది.

"మరి గాండ్ల వీధి..." అని ఆగిపోయాడు.

"నీ కోపం వాళ్ళకు అడ్డం నిలబడినట్టుంది."

"వాళ్ళ వీధి వాగుకు అవతల ఉంది తాతా. ఆడ గాలి మంచిది. దానివల్ల కావచ్చు."

"కావచ్చు. నాకూ తెలీదు. ఊదకుండా ఒక నెల చూద్దాం."

"నీకు ముందే తెలుసా?"

"గుబులుగా ఉన్నింది. నువ్వు ఇండ్ల లెక్క చెప్పేదాకా తెలీదు. నీకు సెలవిచ్చింది నేను. దీంట్లో సగం పంచె నాది."

లాలెప్ప చాప అంచున కూలబడ్డాడు. ఆ పద్నాలుగు ఇళ్ళూ ఒక్కొక్కటిగా అతని కళ్ళ ముందు తలుపులు తెరిచాయి. వరసగా నిలబడిన పిల్లలు నవ్వుతూ ముఖాలు పైకెత్తారు. ఊపిరి తగలగానే చక్కిలిగింతలకు కళ్ళు మూసుకున్నారు. ఒక్కొక్కరి పేరూ అతనికి తెలుసు.

ఎంతోసేపటికి, "అయితే నా సెలవు పోయినట్టేనా తాతా?" అని అడిగాడు.

తాత పంచె మడతపెడుతూ అన్నాడు.

"దువా పంపించు. ఊపిరి నీ దగ్గరే పెట్టుకో."

మరునాడు లాలెప్ప నాగులకట్టకు నడిచిపోయాడు. కూతురి ఇంటి ముందు బండ్ల బాట ఉంది. దానికి ఇవతలే ఆగి కేకేశాడు. కాశమ్మ మెల్లగా వచ్చి అరుగు మీద కూర్చుంది. వెనకాలే ఆమె అత్త వచ్చింది.

"ఏమన్నా, మా గడప నీ కాళ్ళకు బరువైందా?" అంది అత్త.

"ఈడనే బాగుంది వదినా. చెప్పిపోదామని వచ్చినా. ఈ నెలంతా ఎవురినీ లోపలికి రానీయొద్దు. దగ్గేవాళ్ళను రానీయొద్దు. ఊదేవాళ్ళను అసలే రానీయొద్దు."

"ఊదేవాడివి నువ్వే గదన్నా."

"అందుకే చెప్తుండేది."

ఆమెకు కోపం వచ్చి లోపలికి పోయింది. కాశమ్మ మాత్రం తండ్రినే చూస్తూ ఉంది. ఇంత దూరం నడిచొచ్చినవాడు బాట దాటకపోవడం ఆమెకు అర్థం కాలేదు.

"ఊర్లో అందరికీ ఊదినావంట గదా నాయనా. నాకు ఊదవా?"

నాలుగు మాటలూ వాటంతటవే లాలెప్ప పెదవుల మీదికి వచ్చాయి. ఒక్కొక్కటే చదివాడు. చదువుతుంటే గుండెలో గాలి నిండింది. పన్నెండేళ్ళ అలవాటు అతన్ని ముందుకు తోసింది. ఒక కాలు బాటలోకి పడింది కూడా.

ఆ కాలు వెనక్కి తీసుకున్నాడు. కూతురికి వీపు చేసి, జొన్నచేను వైపు తిరిగి, అక్కడ ఆ ఊపిరి వదిలేశాడు. చేను మీద ఎవరూ లేరు. దూరంగా కంకులు తల ఊపాయి.

మళ్ళీ తిరిగినప్పుడు కాశమ్మ ఏడుస్తోంది. ఆయన ఏడవలేదని మా జేజి చెప్పేదట. నాకది నమ్మబుద్ధి కాదు, కానీ ఆమె చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను.

జ్వరం నాగులకట్టకూ వచ్చింది, పోయింది. కాశమ్మ కని బతికింది.

ఇప్పుడు ఆ గుట్ట మీద తాత సమాధి దగ్గర రంగు బోర్డు నిలబెట్టారు. "గురుశిష్యులు ఇంటింటా ఊది బొంబాయి జ్వరాన్ని తరిమిన స్థలం" అని రాయించారు. రాయించిన పెద్దమనుషులు మా అత్త బతికుండగానే రాయించారు. ఆమె ఇంటి ముందు నుంచే పోయారు. ఒక్కమాట అడగలేదు. అది నేను మరిచేది కాదు. నా చేతిరాత అంత ఎత్తు బోర్డుకు చాలదు. వంకర పోకుండా, తప్పు లేకుండా రాయగలిగినవాళ్ళు ఎవరైనా అటు పోతే, దయచేసి సరిచేయండి. బోర్డంతా చెరపనక్కర్లేదు. "ఊది" అన్న ఒక్క మాట తీసేసి, అక్కడ "ఊదడం ఆపి" అని రాయండి.