మూడో వాగు దగ్గర కొమ్మరాజు

అనగనగా ఒక అడవిలో, కొండ మీదికి పోయే దారిలో మూడు వాగులుండేవి. మూడింటి మీదా ఒక్క వంతెన కూడా లేదు. కాళ్లతో దిగి దాటాల్సిందే.

పిల్లలూ, ఈ కథ చెప్పేటప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఎందుకో మీకే తెలుస్తుంది. వినండి.

ఆ కొండ కొన మీద ఉప్పుమట్టి ఉంది. వానాకాలంలో పచ్చగడ్డి తిని తిని అడవిలో జంతువులకి ఒంట్లో ఉప్పు తగ్గిపోతుంది. అప్పుడు ఆ మట్టి నాకితే మళ్లీ బలం వస్తుంది. అందుకని ఏటా వానలు కాస్త తెరిపివ్వగానే జంతువులు గుంపుగా కొండెక్కుతాయి.

ఆ ఏడు గుంపులో నలుగురే ఉన్నారు. ముందు నడిచేది కొమ్మరాజు. అది కణుజు. జింకల్లోకెల్లా పెద్దది కణుజు, గుర్రమంత ఉంటుంది. దాని వెనక మట్టయ్య అనే అడవిపంది. ఆ వెనక దూదమ్మ అనే కుందేలు. అందరికంటే వెనక ముళ్లమ్మ అనే ముసలి ముళ్లపంది.

దూదమ్మ ఈని పది రోజులే అయింది. ఇద్దరు పిల్లలు. దానికి పాలు సరిగ్గా పడటంలేదు. పిల్లల్ని తోడికోడలి దగ్గర వదిలి, ఉప్పుమట్టి నాకి రేపటికల్లా తిరిగొస్తానని చెప్పి బయల్దేరింది. తోడికోడలికి తన పిల్లలే నలుగురు. రెండు రోజులకి మించి ఆమె మాత్రం ఎక్కడినుంచి పాలిస్తుంది?

ఆ అడవిలో ఒక ఆచారం ఉండేది. ముందు నడిచేవాళ్లు వాగులో దిగి, లోతు ఎంతో అరిచి చెప్పాలి. వెనకవాళ్లు ఆ మాట నమ్మి దిగాలి. లోతు ఎవరి కాలితో కొలిచారని అడిగే అలవాటు ఒక్కరికీ లేదు. తాతల నాటి నుంచీ అంతే.

మొదటి వాగు వచ్చింది. కొమ్మరాజు దిగి చూసింది.

"గిట్టల లోతే! రండి, రండి!" అని అరిచింది.

దాని గిట్టల లోతు దూదమ్మకి పొట్ట దాకా వచ్చింది. అయినా నీళ్లు నెమ్మదిగా, తేటగా ఉన్నాయి. అడుగున గులకరాళ్లు కనిపిస్తున్నాయి. దూదమ్మ ఒళ్లు దులుపుకుని గట్టెక్కింది.

రెండో వాగు వచ్చింది. కొమ్మరాజు దిగి చూసింది.

"చీలమండ లోతే! ఆలస్యం చెయ్యకండి!" అని అరిచింది.

దాని చీలమండ లోతుకి దూదమ్మ కాళ్లు నేలకి అందలేదు. నీటి వడికి పక్కకి కొట్టుకుపోయింది. వెనకనుంచి ముళ్లమ్మ గబగబా వచ్చి, నీళ్లు వచ్చే వైపు అడ్డంగా నిలబడింది. దాని చాటున దూదమ్మ ఎలాగో గట్టు చేరింది. చేరి, దగ్గుతూ కూర్చుంది.

"రాజు మామా, నాకు చాలా లోతుగా ఉంది" అంది దూదమ్మ.

కొమ్మరాజు వెనక్కి చూసి నవ్వింది. "చీలమండ లోతుకే ఇంత గోలా? మట్టయ్యా, నీకేమన్నా ఇబ్బందైందా?"

"నాకేం? నాకు బాగానే ఉంది" అంది మట్టయ్య.

దానికి బాగానే ఉంటుంది. అది పంది. తేలాల్సింది కుందేలి సంగతి! కానీ మట్టయ్యకి పెద్దవాళ్లతో పేచీ ఎందుకని భయం. అలాంటివాళ్లని చూస్తే నాకు కొమ్మరాజు మీద కంటే ఎక్కువ కోపం వస్తుంది.

మూడో వాగు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. పైన కొండ మీద మబ్బు పట్టి ఉంది. అక్కడ వాన పడుతోంది. వాగులో నీళ్లు ఎర్రగా, బురదగా వస్తున్నాయి. అడుగున రాళ్లు దొర్లుతున్న చప్పుడు గడగడమని గట్టు మీదికి వినిపిస్తోంది.

ముళ్లమ్మ ఆ చప్పుడు విని ఆగిపోయింది.

"రాజూ, ఇప్పుడు దిగొద్దు. నీళ్ల అడుగున రాళ్లు కదులుతున్నాయి. అంటే నీటికి చాలా బలం ఉంది. పైన వాన ఆగితే పొద్దుటికల్లా తగ్గిపోతాయి. రాత్రికి ఇక్కడే పడుకుందాం. పొద్దున్నే కాస్త కిందికి వెళ్తే వాగు వెడల్పయ్యే చోటుంది. అక్కడ ఇసుక మేట. నీళ్లు పల్చగా పారతాయి."

కొమ్మరాజు కొమ్ములు విసిరింది. "వెడల్పయ్యే చోటా? అక్కడ నలభై అడుగులు నీళ్లలో నడవాలి. ఇక్కడ చూడు, రెండు బండల మధ్య నాలుగే అడుగులు. ఇక్కడ దాటక అక్కడికి పోతారా ఎవరన్నా?"

"సన్నగా ఉన్నచోటే లోతెక్కువ, వడెక్కువ. అన్ని నీళ్లూ ఆ సందులోంచే కదా పోవాలి!" అంది ముళ్లమ్మ.

"నేను ఎనిమిదేళ్లుగా ఈ గుంపుని నడిపిస్తున్నాను. ఏ ఏడూ వాగు దగ్గర రాత్రి ఆగింది లేదు. ఈ ఏడు ఆగితే రేపు మంద ముందు నా పరువేం కాను?"

విన్నారా? దానికి కావలసింది ఉప్పుమట్టి కాదు. కుందేలి క్షేమం అసలే కాదు. పరువు!

"మామా, నాకు భయంగా ఉంది. నేను రేపు దాటుతాను" అంది దూదమ్మ.

అప్పుడు కొమ్మరాజు ఏమందో తెలుసా? "పిల్లలు ఆకలితో ఉన్నారని నువ్వే ఏడిచావు. ఇప్పుడు ఆగుదామనీ నువ్వే అంటున్నావు. నువ్వేం తల్లివి?" అంది.

ఆ మాటకి దూదమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. తల వంచుకుంది. మళ్లీ నోరెత్తలేదు. బలహీనుల నోరు మూయించడానికి వాళ్ల పిల్లల్నే అడ్డం పెట్టుకునే ఆ తెలివిని ఏమనాలి?

కొమ్మరాజు నోటితో ఒక పొడుగాటి అడవితీగ లాగింది.

"అంత భయమైతే అందరినీ ఈ తీగకి కట్టేస్తాను. ఇక ఎవరూ కొట్టుకుపోరు" అంది.

వినడానికి ఎంత బాగుందో! ముళ్లమ్మ వద్దంది. "పారే నీళ్లలో కట్టుకుంటే జారినవాళ్లు తేలలేరు" అని మొత్తుకుంది. మట్టయ్య విని కూడా విననట్టే ముడులు బిగించింది. తీగ ఒక కొస కొమ్మరాజు కొమ్ములకి. తర్వాత మట్టయ్య నడుముకి. తర్వాత దూదమ్మకి. చివర ముళ్లమ్మకి.

కొమ్మరాజు బండల మధ్య దిగింది.

"మోకాలి లోతే!" అని అరిచింది.

అబద్ధం చెప్పలేదు. దాని మోకాలికే వచ్చాయి. నాలుగు అంగల్లో అవతలి గట్టెక్కింది. మట్టయ్యకి పొట్ట దాటి వీపు తడిసింది. గిట్టలు బండకి తన్ని పెట్టి ఎలాగో నిలదొక్కుకుంది. తీగ ముందుకి లాగడంతో దూదమ్మ నీళ్లలో పడింది.

దాని కాళ్లు అడుగుకి అందలేదు. వాగు దాన్ని పక్కకి విసిరింది. కానీ తీగ కదలనివ్వలేదు. ముందు మట్టయ్య, వెనక ముళ్లమ్మ, మధ్యలో బిగిసిపోయిన తీగకి దూదమ్మ. మీదినుంచి నీళ్లు వచ్చి పడుతున్నాయి. ఒక్క చెవి పైకి కనిపించింది. తర్వాత అదీ కనిపించలేదు.

అవతలి గట్టు మీద కొమ్మరాజు, "లాగండి! గట్టిగా లాగండి!" అని అరుస్తూ తల వెనక్కి గుంజింది. అది గుంజినకొద్దీ దూదమ్మ ఇంకా లోపలికి పోయింది.

ముళ్లమ్మ ఇక ఎవరి మాటా వినలేదు. వాగులో దూకింది. దాని ముళ్లు డొల్లగా ఉంటాయి, నీళ్లలో తేలతాయి. తీగ పట్టుకుని దూదమ్మ దాకా పాకింది. మట్టయ్యకీ దూదమ్మకీ మధ్య ఉన్న తీగని పళ్లతో పరపరా కొరికింది. తీగ తెగింది. వాగు ఇద్దరినీ ఒక్కసారి లాక్కుపోయింది. ముళ్లమ్మ మాత్రం దూదమ్మ చెవిని నోటితో పట్టుకుని వదల్లేదు.

కింద, వాగు వెడల్పయ్యే చోట, ఇసుక మేట మీదికి ఇద్దరూ వచ్చి పడ్డారు.

దూదమ్మ కదల్లేదు. ముళ్లమ్మ దాని పొట్ట మీద కాలితో నొక్కింది. మళ్లీ నొక్కింది. మూడోసారి నొక్కితే దూదమ్మ ఎర్రనీళ్లు కక్కి, ఊపిరి పీల్చింది. వెనక కాలు వాచిపోయింది. కళ్లు తెరిచి, "నా పిల్లలు" అంది.

"ఉన్నారు తల్లీ. నువ్వూ ఉన్నావు" అంది ముళ్లమ్మ.

మట్టయ్య నడుము ముడి విప్పుకుని వెనక్కి తిరిగి, గట్టెక్కి, పరిగెత్తుకుంటూ వచ్చింది. కాసేపటికి కొమ్మరాజు కూడా వాగు దాటి వచ్చింది. దాని కొమ్ములకి తెగిన తీగ వేలాడుతోంది.

"తీగ కొరికింది ఎవరు?" అంది.

పిల్లలూ, అది అడిగిన మొదటి మాట అదీ! కుందేలు బతికిందా అని కాదు. తీగ కొరికింది ఎవరు అని!

"నేనే" అంది ముళ్లమ్మ.

"నా మాట దాటి తీగ తెంపుతావా? ఇంకాస్త లాగితే గట్టెక్కేది! మోకాలి లోతు నీళ్లలో ఎవరన్నా మునిగిపోతారా?"

అప్పుడు మట్టయ్య ముందుకి వచ్చింది.

"ముడులు వేసింది నేను" అంది. "నాకు బాగానే ఉందని చెప్పిందీ నేనే. నా తప్పు నేను ఒప్పుకుంటున్నాను. ఇక నీ వంతు. నువ్వు ఒకసారి మోకాళ్ల మీద కూర్చో రాజూ."

"ఏంటీ?"

"ఇక్కడే, ఈ నీళ్ల అంచున. మోకాళ్లు వంచి, నీ ముక్కు దూదమ్మ ముక్కు ఎత్తుకి తెచ్చి చూడు."

"నన్ను మోకరించమంటావా? నీ ముందా?"

"నా ముందు కాదు. వాగు ముందు."

మట్టయ్య కోరలు బయటపెట్టి దారికి అడ్డంగా నిలబడింది. కొమ్మరాజు బుస్సుమంది. ఎవరో పనికిమాలిన పని చేయిస్తున్నట్టు మొహం పెట్టి, ముందు కాళ్లు వంచి, తల కిందికి దించింది.

ఆ ఎత్తులోంచి అవతలి గట్టు కనిపించలేదు. కొండా కనిపించలేదు. కనిపించిందల్లా తన మీదికి వస్తున్న ఎర్రనీళ్లు. ఒక అల వచ్చి ముక్కులో కొట్టింది. కొమ్మరాజు ఉలిక్కిపడి, తుమ్ముతూ వెనక్కి గెంతింది.

ఎవరూ నవ్వలేదు.

"నువ్వు ఒక్క అల చూశావు మామా" అంది దూదమ్మ, పడుకునే. "నేను ఎప్పుడూ ఆ ఎత్తులోనే ఉంటాను."

కొమ్మరాజు తన కొమ్ములకి వేలాడుతున్న తీగని నేలకి రాసి ఊడదీసుకుంది.

రాత్రికి వాన ఆగింది. పొద్దున వాగు తేటపడింది. ఇసుక మేట దగ్గర గులకరాళ్లు లెక్కపెట్టేంత పల్చగా పారుతోంది. కొమ్మరాజు లోతు అరవలేదు. నీళ్లు వచ్చే వైపు అడ్డంగా నిలబడి, వడిని తన ఒంటితో ఆపింది. మట్టయ్య దాని పక్కన నిలబడింది. దూదమ్మ కుంటుకుంటూ అంచు దాకా వచ్చి, నీళ్లలో కాలు పెట్టింది. గుండె దాకా వచ్చాయో లేదో తనే చూసుకుంది.

"ఇంకాస్త ఆగుదాం" అంది.

గుర్రమంత కణుజు, కోరల పంది, ముసలి ముళ్లపంది, ముగ్గురూ ఎండ ఎక్కేదాకా నోరెత్తకుండా ఆగారు.

నీతి: వాగు లోతుని ముందు నడిచే పెద్దవాడి మోకాలితో కాదు, వెనక వచ్చే చిన్నవాడి గుండెతో కొలవాలి. భయంగా ఉంది, ఆగుదాం అన్నవాళ్లని సిగ్గుపరిచి నీళ్లలో దింపేవాడు ఎంత బలవంతుడైనా, వాడి వెనక నడవకూడదు.