విరిగే పలక మీద ఆరోగ్య వారం

అడవి అంచున సింహం దొరగారి ఇటుక బట్టీ. అక్కడ మోత పనంతా ఆడగాడిదలదే. మగగాడిదలు బండి వస్తే లాగేవి, రాకపోతే నీడలో నిలబడి బండి గురించి మాట్లాడుకునేవి. చుట్టుదారి దూరమని, మట్టి గుంట మీద వేసిన చెక్క పలక మీదుగానే ఇటుకలు బట్టీకి మోయించేవారు. ఆ పలక మధ్యలో పగిలి రెండు వానాకాలాలు గడిచాయి.

బట్టీ మేస్త్రీ నక్క. పొద్దున్నే ప్రతి గాడిదా పచ్చి ఇటుక మీద గిట్ట ముద్ర వేయాలని నియమం పెట్టింది. ముద్ర పడితే ఒళ్లు బాగున్నట్టు లెక్క. పోయిన నెల చంద్రి అనే గాడిద పలక మీద జారి కాలు విరగ్గొట్టుకుంటే, "బాగున్నానని పొద్దున నువ్వే ఒప్పుకున్నావు కదమ్మా" అని నక్క ఆ ఇటుక తెచ్చి చూపించింది.

ఆ గాడిదల్లో నూకాలు నిండు చూలాలు.

"మేస్త్రీగారూ, ఆ పలక మార్పించండి. నేను పడితే రెండు ప్రాణాలు పోతాయి."

"కడుపుతో ఉన్నప్పుడు ఇలాంటి భయాలు మామూలే తల్లీ. లోపం పలకలో లేదు, నీ మనసులో ఉంది. అందుకేగా ఆరోగ్య వారం పెడుతున్నాను!" అంది నక్క.

ఆరోగ్య వారానికి కొంగ వచ్చింది. ఒంటికాలి మీద నిలబడి, కళ్లు మూసుకుని, మెల్లగా ఊపిరి వదలమంది.

"చంద్రికి నేర్పక్కర్లేదమ్మా. మూడు కాళ్ల దాకా తనే వచ్చేసింది," అంది ముసలిగాడిద అంకమ్మ.

ఎవరూ నవ్వలేదు. నవ్వడానికీ ఓపిక ఉండాలి.

"నవ్వండమ్మా! నవ్వు కూడా కార్యక్రమంలో ఉంది," అని కసిరింది నక్క.

చివరి రోజు దొరగారు చూడటానికి వచ్చారు.

"ఇక్కడ ఒంటికీ మనసుకీ ఏ లోటూ లేదు దొరా. ఒక్కరి నోటా ఫిర్యాదు లేదు," అంది నక్క.

"సంతోషం. బట్టీ దగ్గరికి పద," అంది సింహం.

నక్క చుట్టుదారి పట్టించబోయింది. వీపు మీద మోతతోనే అంకమ్మ అడ్డం వచ్చింది.

"అంత దూరం నడవడమెందుకు దొరా? ఈ పలక దాటితే అదే బట్టీ. మేం రోజుకి అరవైసార్లు దాటుతాం."

సింహం పలక మీద పంజా పెట్టబోయింది. నక్క ఎగిరి అడ్డంపడింది.

"వద్దు దొరా! విరుగుతుంది!"

"నీకెలా తెలుసు?"

"రెండేళ్లుగా పగిలే..." నక్క నాలుక కరుచుకుంది.

"చూలాలు చెబితే భయం. మేస్త్రీగారు చెబితే నిజం," అంది అంకమ్మ.

సింహానికి గాడిదల మీద ప్రేమేం పొంగలేదు. తన పంజా తలచుకుని ఒళ్లు జలదరించింది, అంతే.

"కొత్త పలక పడేదాకా ఈ మోత నువ్వు మొయ్యి," అని నక్కకి చెప్పింది.

ఇటుకలు వీపున వేసుకుని నక్క రెండుసార్లు దాటింది. రెండోసారి పలక కిర్రుమంది. పలక మార్చడానికి రెండేళ్లుగా దొరకని వడ్రంగిపిట్ట మధ్యాహ్నానికల్లా దొరికింది.

కొత్త పలక మీద నూకాలు భద్రంగా అవతలికి చేరింది.

"ఇక భయం లేదు కదా అక్కా?"

"ఇవాళ్టికి లేదు. నడు, ఇంకా సగం మోత ఉంది," అంది అంకమ్మ.

నీతి: పనివాళ్ల క్షేమం తెలుసుకోవాలనుకునేవాళ్లు ముందు వాళ్ల కాళ్ల కింద ఏముందో చూడాలి.