తీతువు పిట్ట అననన్న మాట

అల్లరి ఆపి ఇలా దగ్గరికి జరగండర్రా. అనగనగా ఒక అడవిలో నాంచారి అనే తీతువు పిట్ట ఉండేది. వాగు దగ్గర కావలి ఉద్యోగం దానిది. పులి అలికిడి అయితే చాలు, కూత పెట్టి జింకలన్నిటినీ హెచ్చరించేది. పిల్లలు పుట్టాక ఆ పని మానేసి వాటిని పెంచింది. అవి రెక్కలొచ్చి ఎగిరిపోయాక, "నా పని నాకిప్పించండి" అని అడవి కొలువుకి వెళ్ళింది.

కొలువుకి పెద్ద ఒక ముసలి ఏనుగు. అందరూ పెద్దమ్మ అంటారు. పెత్తనం మాత్రం కొలువు వ్యవహారాలు చూసే పేష్కారు, నక్క జంబయ్యది. జంబయ్యకి ఒక చెవి చీలి ఉంటుంది. పులితో పోట్లాడితే చీలిందని చెప్పుకుంటాడు.

ఆ కొలువులో ఒక ఆచారం ఉంది. పనికోసం వచ్చినవాళ్ళు ఇన్నాళ్ళూ ఏం చేశారో సాక్ష్యంతో చెప్పాలి. సాక్షి లేకపోతే బండ మీద నిలబడి, అందరూ వినేలా "ఖాళీగా కూర్చున్నాను" అనాలి. అలా అన్నవాళ్ళకి ఎండుటాకులు ఊడ్చే పని ఇస్తారు. ఎంత చోద్యమో చూడండి.

"ఇన్నేళ్ళూ ఏం చేశావమ్మా?" అని అడిగాడు జంబయ్య.

"మండుటెండలో రెక్కలు చాపి గుడ్లకి నీడ పట్టాను" అంది నాంచారి.

"సాక్షి ఎవరు?"

"నా పిల్లలు."

"కడుపున పుట్టినవాళ్ళ సాక్ష్యం చెల్లదు. ఇంకేం చేశావు?"

"గూటి మీదికొచ్చిన పాముని పొడిచి తరిమాను."

"సాక్షి?"

"ఆ పామే."

"పాముని పిలిపిస్తే ఇక్కడ ఒక్కరూ మిగలరు" అని జంబయ్య పళ్ళికిలించాడు. "ఎందుకమ్మా ఈ మొండితనం? ఖాళీగా కూర్చున్నానని ఒక్క మాట అనెయ్. నోటి ముత్యాలేమీ రాలిపోవులే. ఈ పూటే చీపురు పట్టుకోవచ్చు."

ఇవాళ కాదంటే కొలువులో మళ్ళీ అడుగు పెట్టనివ్వరని నాంచారికి తెలుసు. అయినా బండ ఎక్కలేదు.

"అనను. ఇస్తే నా కావలి పనే ఇవ్వండి. లేదంటే వెళ్ళిపోతాను. ఇంకొకటుంది, అది కూడా వినండి. ఒకనాడు ఒక దొంగ నా పిల్లల్ని తినడానికొచ్చాడు. రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ వాడి ముందు కుంటుకుంటూ నడిచాను. వాడు ఆశపడి నా వెంటపడ్డాడు. వాగు దాటించి, ముళ్ళపొదల్లో తిప్పి, బురదగుంటలో దించి, అప్పుడు ఎగిరిపోయాను."

ఈసారి సాక్షి ఎవరని జంబయ్య అడగలేదు. తోక కాళ్ళ మధ్యకి దూరిపోయింది. పెద్దమ్మే అడిగింది.

"సాక్షి ఎవరు తల్లీ?"

"మీ పేష్కారు గారే. ఖాళీగా కూర్చున్నదాని వెనక అంత దూరం ఎందుకు పరిగెత్తారో ఆయన్నే అడగండి."

కొలువంతా ఒక్కసారి ఆ చీలిన చెవి వైపు చూసింది. "అయితే అది ముళ్ళు చేసిన పనన్నమాట" అంది పెద్దమ్మ.

ఆ సాయంత్రం వాగు ఒడ్డున నాంచారి పాత కూత మళ్ళీ వినిపించింది. ఎండుటాకులు ఊడ్చే పని ఎవరికి పడిందో మీకు నేను చెప్పక్కర్లేదు.

నీతి: బిడ్డల్ని పెంచిన కాలం ఖాళీ కాలం కాదు. పని దొరుకుతుందన్న ఆశతోనైనా ఆ మాట మీ నోటితో మీరు అనకండి.